మెట్ల కింద సంతకం

2021 సంవత్సరం, వరి కోతలు మొదలైన రోజులు. తణుకులో కాలవ వంతెనకు ఇవతల, మూతపడిన ధాన్యం కొట్టు ముందు గదుల్లో మా వికలాంగుల సంఘం ఆఫీసు ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. అందులో నా పని రెండు రకాలు. పొద్దున ట్రైసైకిళ్లు, వీల్‌చైర్లు బాగుచేయడం, మధ్యాహ్నం అర్జీలు రాయడం. మొదటిది ముప్ఫై ఏళ్లు సైకిలు షాపు నడిపిన చేతికి అలవాటైన పని. రెండోది నాకెవరూ నేర్పలేదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ప్రభుత్వ ఉత్తర్వులూ, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమూ పక్కన డిక్షనరీ పెట్టుకుని చదువుకున్నాను. అర్థంకాని వాక్యాన్ని పదిసార్లు చదివితే అదే సిగ్గుపడి లొంగుతుంది. అందుకే నన్ను మేష్టారు అంటారు. మొదట్లో వేళాకోళానికి అన్నారు, పోనుపోను అదే పేరైపోయింది.

వికలాంగుల సంఘం అంటే ఏడాదికోసారి మైకు పెట్టించి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగడం అనుకుంటారు చాలామంది. అలాంటి సంఘాలు లేవనను. శాలువాల బరువుకే కుంగిపోయినవి రెండు మూడు నాకు తెలుసు. మా పనిలో ఎక్కువ భాగం టేపు పట్టుకుని కొలవడం. దీన్ని యాక్సెస్ ఆడిట్ అంటారు. బడి కానీ, బ్యాంకు కానీ, చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి గేటు దగ్గర్నుంచి లోపలి బల్ల దాకా ఎవరి చెయ్యీ పడకుండా వెళ్లగలడా లేదా అన్నది అంగుళాల్లో రాసివ్వడమే ఆడిట్. ర్యాంపుకు గ్రేడియంట్ అని ఒక లెక్క ఉంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవున వాలు కావాలి. అంతకంటే నిటారుగా కడితే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. ఈ ముక్క ఇంజనీర్లకు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

దయామణి మా ఆఫీసుకు ట్రైసైకిలు చైను తెగిందని ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చింది. తణుకుకు అయిదారు మైళ్ల దూరంలో ఉంది వాళ్ల ఊరు. ఊరి పేరు రాయను. ఈ కథలో ఉన్నవాళ్లంతా ఇంకా అక్కడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు. ఆమెకు అప్పటికి ముప్ఫై దాటాయి. ఇరవయ్యో ఏట నాట్లకు వెళ్తూ ట్రాక్టరు తొట్టిలోంచి పడి వెన్ను దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. లూథరన్ చర్చి వెనక పేటలో తల్లితో ఉంటూ జాకెట్లు కుడుతుంది, ఆదివారం పిల్లలకు పాటలు నేర్పుతుంది. ఆ ఏడాది మొదట్లో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో పేటవాళ్లు ఆమెను వార్డు మెంబరుగా నిలబెట్టి గెలిపించుకున్నారు. వాన పడితే ఆ పేట వీధిలో మురుగు నిలిచిపోతుంది. ఆ మాట పంచాయతీలో గట్టిగా అడిగే నోరు కావాలని ఆమెను ఎన్నుకున్నారు.

చైను వేస్తూ, మీటింగుల్లో ఏమడుగుతున్నావమ్మా అన్నాను.

"లోపలికెళ్తే కదండీ అడగడానికి," అంది.

పంచాయతీ ఆఫీసుకు అయిదు మెట్లున్నాయట. మొదటి మీటింగుకు నలుగురు మగాళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారట. ఆ తర్వాత చెప్పిన మాట ఆమె తల దించుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ చెప్పింది. "ఎత్తేటప్పుడు చీర ఎక్కడ తొలిగిందో నాకు తెలీదు కదండీ, కింద స్పర్శ లేదు. అటెండరు మొహం పక్కకు తిప్పుకున్నాక తెలిసింది. ఇంక నన్నెవరూ ఎత్తొద్దని చెప్పేశాను."

అప్పట్నుంచి ఆమె మెట్ల కింద ట్రైసైకిల్లో కూర్చుంటే, అటెండరు పుస్తకం కిందికి తెచ్చి సంతకం పెట్టించుకుంటున్నాడు. దాన్ని మినిట్స్ బుక్ అంటారు. సమావేశానికి ఎవరు వచ్చారు, ఏం తీర్మానించారు అన్నది అందులో రాస్తారు. పేజీలకు వరస నంబర్లుంటాయి, చింపడానికి వీల్లేదు.

మరుసటి వారం టేపు తీసుకుని వెళ్లాను. ఎనభై ఆరు గోదావరి వరద చూసినవాళ్లు కట్టించిన భవనం కాబట్టి ప్లింత్, అంటే నేలమట్టం నుంచి గది అడుగుదాకా ఉండే ఎత్తు, రెండున్నర అడుగులు పెట్టారు. ర్యాంపు కట్టాలంటే ముప్ఫై అడుగుల పొడవు కావాలి. ముందు రోడ్డు దాకా పదిహేను అడుగులే ఉంది, అందులోనూ మధ్యలో జెండా దిమ్మ. మెట్ల పక్కన మాత్రం నిటారుగా ఒక సిమెంటు వాలు ఉంది. ఏంటండీ అది అని అడిగితే, మోటారు సైకిళ్లు వరండాలోకి ఎక్కించుకోవడానికన్నారు. ఎండకు సీట్లు కాలిపోతున్నాయట. నా ఒళ్లు మండింది. బండి సీటు మీదున్న దయ ఊరు ఎన్నుకున్న మనిషి మీద లేకపోయింది.

కానీ ఆ ఊరి సర్పంచ్ గారితో దెబ్బలాడటం ఎంత కష్టమో దెబ్బలాడబోయినవాడికే తెలుస్తుంది. అరవై ఏళ్ల రైతు. గట్టిగా మాట్లాడడు. నన్ను చూడగానే కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. కింద ఉన్న దయామణికి ఇంకో గ్లాసు పంపించాడు. నేను చట్టం తీస్తే చిరునవ్వు నవ్వాడు. "ఆ అమ్మాయికి ఏం లోటు చేశామండీ? పుస్తకం మేమే పంపిస్తున్నాం, టీ పంపిస్తున్నాం. ఇంత గౌరవం ఏ ఊళ్లో ఉందో చెప్పండి." నేను ఆ టీ తాగకుండా ఉండాల్సింది. తాగాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. బయటికి వచ్చాక దయామణి అడిగింది, ర్యాంపు వచ్చేదాకా మీటింగులు మానేయనా అని. వరసగా సమావేశాలకు రాకపోతే సభ్యత్వం పోతుందని పంచాయతీ చట్టంలో ఉంది. అది చదివినవాణ్ణి కదా, నా చదువు నా నెత్తికెక్కింది. మానొద్దు, మెట్ల కిందైనా సరే సంతకం మాత్రం తప్పకుండా పెడుతూ ఉండు, హాజరు ముఖ్యం, మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఆమె సరేనండి అంది.

నేను చూసుకోవడం అంటే అర్జీ రాయడం. ర్యాంపును జెండా దిమ్మ చుట్టూ మలుపు తిప్పి పక్క వరండాలో కలపవచ్చని బొమ్మ గీసి, కొలతలు వేసి, పై ఆఫీసుకు పంపాను. జవాబు లేదు. గుర్తుచేస్తూ రెండోది, మూడోది పంపాను. నా జీవితంలో సగం గుర్తుచేయడంతోనే గడిచింది. ఎన్నేళ్ల కిందట ఏ గుమాస్తా నా అర్జీ మీద టీ గ్లాసు పెట్టాడో కూడా చెప్పగలను.

మరుసటి ఏడాది వానలు పడ్డాక జవాబు వచ్చింది. అర్జీకి ప్రభుత్వం రాతపూర్వకంగా ఇచ్చే జవాబును ఎండార్స్‌మెంట్ అంటారు. సదరు సభ్యురాలు అన్ని సమావేశములకు హాజరై, తీర్మానములకు సమ్మతించినట్లు మినిట్స్ పుస్తకము వలన తెలియుచున్నదనీ, భవనమునకు వాలు మార్గము కూడా కలదనీ, కావున తదుపరి చర్య అవసరము లేదనీ అందులో ఉంది. వెనక ఆ పుస్తకం పేజీల జిరాక్సులు జతచేశారు. ప్రతి పేజీలో దయామణి సంతకం. ముత్యాల్లాంటి అక్షరాలు.

మెట్లు ఉన్నాయని నేను రాశాను. మెట్లు లేవని ఆమె సంతకాలు చెబుతున్నాయి. ఆ సంతకాలు పెట్టమన్నది నేనే. ఎవరిమీద కోప్పడను?

వాళ్ల పేటకు వెళ్లేసరికి వీధిలో మోకాలి లోతు మురుగు. అంతకుముందు చీలమండలు తడిసే నీళ్లే చూశాను. సైకిలు చర్చి దగ్గర ఆపి, పంచె ఎగగట్టుకుని నడిచాను. దయామణి వాళ్ల అరుగు మీద ఉంది. ఎదురింటి రూతమ్మ, ఆమెకు మేనత్త వరస, గుమ్మంలోంచి చేటతో నీళ్లు తోస్తూ నన్ను చూసి మొహం చిట్లించింది. ఎండార్స్‌మెంట్ దయామణి చేతికిచ్చి, నావల్లే అమ్మా ఇదంతా, అన్నాను. ఆమె పై కాగితం చదివి పక్కన పెట్టి, జిరాక్సులు ఒక్కొక్కటే తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

పేట మురుగు రోడ్డు కింద తూము గుండా అవతలి చేల పక్కనున్న బోదె, అంటే చిన్న పంట కాలవలోకి పోయేది. మురుగు చేలల్లోకి ఎక్కుతోందని రైతులు కోరగా, ఆ తూము మూసివేయుటకు సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారని ఆ పేజీలో ఉంది. కింద ఆమె సంతకం.

ఎలా జరిగిందో ఆమే చెప్పింది. సంతకాలు ముందు తీసుకుంటారు. తీర్మానాలు తర్వాత పంచాయతీ సెక్రటరీ తీరిగ్గా రాసుకుంటాడు. అందరూ పనులున్నవాళ్లు, తీర్మానాలు రాసేదాకా ఎవరు కూర్చుంటారని అదో అలవాటు. లోపలున్నవాళ్లు కనీసం మాటలు విన్నారు. ఈమెకు వరండాలో బండ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఖాళీ పేజీ మీద సంతకం చేసింది.

రూతమ్మ చేట ఆపి అంది. "నువ్వే సంతకం ఎట్టావంట కదే. ఊళ్లో అందరూ అంటన్నారు. మన ఇళ్లు మునగడానికి నీ చేత్తోనే ఎట్టావంట."

నేను ఆవేశపడి, ఇంక సంతకం పెట్టొద్దు, కోర్టుకెళ్దాం, అది చేద్దాం ఇది చేద్దామని చాలా మాట్లాడాను. దయామణి జిరాక్సులు వరసగా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"సంతకం మానేస్తే నా పదవి పోద్దండి. పెడితే మెట్లు మాయమైపోతున్నాయి. రెండూ కుదరవు. వచ్చే మీటింగుకి మీరూ రండి మేష్టారండీ. కానీ మాట్లాడకండి."

ఇన్నేళ్లలో నన్ను మాట్లాడకుండా రమ్మన్న మనిషి ఆవిడొక్కతే.

మీటింగు నాడు తుంపర పడుతోంది. ఆమె ఎప్పటిలాగే మెట్ల కింద ట్రైసైకిల్లో కూర్చుంది. నేను జెండా దిమ్మ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అటెండరు పుస్తకం చంకలో పెట్టుకుని, పై జేబులోంచి పెన్ను తీస్తూ దిగివచ్చాడు. ఇక్కడమ్మా, అని వేలు పెట్టి చూపించాడు. ఆమె పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. సంతకానికి పట్టే సమయం దాటిపోయింది. అటెండరు ఏంటమ్మా రాస్తున్నారు అని వంగాడు. ఆమె రాయడం పూర్తిచేసి, కింద సంతకం చేసి, తేదీ వేసి పుస్తకం తిరిగిచ్చింది.

అందులో రాసింది ఇంతే. "నేను మెట్ల కింద కూర్చుని ఖాళీ పేజీ మీద ఈ సంతకం చేశాను. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. ఇంతకుముందు సంతకాలూ ఇలాగే చేశాను."

అటెండరు లోపలికి వెళ్లాడు. మొదట సెక్రటరీ పరుగున వచ్చాడు. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న కుర్రవాడు. పేజీ చింపలేడు, కొట్టివేయలేడు, రేపు పంచాయతీ లెక్కల ఆడిట్‌కు వచ్చినవాళ్లు మొదట చదివేది ఆ మూడు వాక్యాలే. మేడమ్, మీకేం కావాలో నాతో చెప్తే రాసేవాణ్ణి కదా అన్నాడు. ఏడాది పాటు ఆమెను ఎవరూ మేడమ్ అనలేదు.

వెనకే సర్పంచ్ గారు వచ్చాడు. పుస్తకం కళ్లకు దూరంగా పట్టుకుని, తుంపరలోనే నిలబడి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇదేంటమ్మా, ఇలా రాశావు?"

"అబద్ధం ఏదన్నా ఉంటే చెప్పండి, కొట్టేస్తాను."

ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. తడి మెట్టు. తూము సంగతి నాకొక్క మాట చెప్తే సరిపోయేది కదమ్మా అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

"మీకు వినబడాలంటే నేను లోపల ఉండాలండి," అంది దయామణి.

నేను రాత్రంతా తయారు చేసుకున్న ఉపన్యాసం ఒకటి నా దగ్గర ఉంది. చట్టం పేరు, సంవత్సరం, అన్నీ సిద్ధం. గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని నోరు మూసుకున్నాను. దానికి పట్టిన బలం ఏ అర్జీకీ పట్టలేదు.

ఆ రోజు మీటింగు వాయిదా పడింది. తర్వాతి నెల బడి వరండాలో పెట్టారు, అక్కడ మెట్లు లేవు. సర్పంచ్ గారు తనంతట తానే బడివాళ్లను అడిగి ఏర్పాటు చేశాడు. ఆ మీటింగుకు ఇంకో విశేషం జరిగింది. ఎప్పుడూ భర్తనే పంపించి ఇంటికి పుస్తకం తెప్పించుకుని సంతకం చేసే ఇంకో మహిళా మెంబరు తానే వచ్చి కూర్చుంది. ఆమె భర్త గేటు బయట బండి మీద, ఏం చెయ్యాలో తోచక, ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

ఆ మీటింగులో దయామణి తూము తెరవాలని అడిగింది. చేల వైపు మెంబరు ఒకాయన మండిపడ్డాడు. "మీ పేట మురుగు మా వరి చేలల్లోకి వదలమంటావా? నీకు సేద్యం తెలుసా?" అన్నాడు. ఆ చేలల్లో నాట్లకు వెళ్తూనే నేను పడ్డానండి, నాకు తెలుసు అందామె. మాటకు మాట పెరిగింది. ఓట్లు వేస్తే ఆమె ఓడిపోయింది. అయితే ఈసారి ఏకగ్రీవంగా అని రాయలేకపోయారు. సెక్రటరీ తీర్మానం మొత్తం చదివి వినిపించాడు, ఆమె ఒప్పుకోలేదని రాశాడు, అప్పుడు సంతకాలు తీసుకున్నాడు.

గేటు బయట నేను ఓదార్చబోయాను. ఆమె నవ్వుతోంది. "ఆయన నన్ను తిట్టాడు చూశారా మేష్టారండీ? ఇన్నాళ్లూ నామీద జాలిపడ్డమే."

పై నెల వానలో నలుగురు మెంబర్లు పేటకు వచ్చి చూశారు. రూతమ్మ వాళ్లను గుమ్మం ముందు నీళ్లలో నిలబెట్టే మాట్లాడింది, అరుగు ఎక్కనివ్వలేదు. సేద్యం తెలుసా అని అడిగిన ఆయనే, చేలకు తగలకుండా తూము నీళ్లు నేరుగా పెద్ద డ్రెయిన్‌లోకి పోయేలా గొట్టం వెయ్యవచ్చని సలహా చెప్పాడు. అది తీర్మానమైంది. మరుసటి వానాకాలానికి ఆ వీధి తడిసింది తప్ప మునగలేదు. ర్యాంపు కూడా వచ్చింది, జెండా దిమ్మ చుట్టూ తిరిగి, ముప్ఫై అడుగుల పైచిలుకు. తాపీ మేస్త్రీ పక్కన నిలబడి ప్రతి అడుగుకూ నేనే మట్టం చూశాను. ఆయన నన్ను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో దేవుడికి తెలుసు. మొదటిరోజు దయామణి వీల్‌చైర్లో, చక్రాలు తన చేతులతోనే తోసుకుంటూ ఎక్కింది. మధ్య మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వెయ్యబోయిన అటెండరును సర్పంచ్ గారే వెనక్కి లాగాడు.

ఇంతవరకే అయితే ఇది పంచాయతీ కథ. నాకు అసలు పాఠం ఆ తర్వాత, మా ఆఫీసులోనే తగిలింది.

వీల్‌చైరు బేరింగులు మార్పించుకోవడానికి దయామణి తణుకు వచ్చింది. పనయ్యాక వెళ్లకుండా ఆగి, మెల్లిగా అడిగింది. "మేష్టారండీ, నేను సంతకం చేసిన తెల్లకాగితాలు రెండు మీ బీరువాలో ఉన్నాయి కదండీ?"

ఉన్నాయి. ఆమెవే కాదు, మా సభ్యులందరివీ ఉన్నాయి. దూరాల నుంచి, ఆటోల్లో, ఒకళ్ల మీద ఆనుకుని వచ్చేవాళ్లు. ప్రతి అర్జీకీ మళ్లీ మళ్లీ తిప్పడం ఎందుకని, వచ్చినప్పుడే తెల్లకాగితాల మీద సంతకాలూ వేలిముద్రలూ తీసి ఉంచేవాణ్ణి. అవసరమైనప్పుడు పైన నేను రాసుకునేవాణ్ణి. వాళ్ల మంచికే. ఒక్క సంతకం కూడా దుర్వినియోగం చేయలేదు. సర్పంచ్ గారు కూడా పుస్తకం కిందికి పంపింది ఆమె మంచికే. ఇరవై ఏళ్లుగా అందరి తరఫునా మాట్లాడినవాణ్ణి, వాళ్ల పేర్ల పైన ఏం రాశానో ఎంతమందికి చదివి వినిపించాను?

బీరువా తీసి కట్ట బల్ల మీద పెట్టాను. ఆమెవి రెండూ వెతికి ఇచ్చి, చింపెయ్యమ్మా అన్నాను. మంచి కాగితం, వృథా ఎందుకండీ అంటూ ఆమె నా పెన్నే తీసుకుని, తన సంతకం పైనున్న ఖాళీలో రాసి నా ముందు పెట్టింది. మా సంఘం ఆఫీసులో బాత్‌రూము తలుపు ఇరవై రెండు అంగుళాలే ఉందనీ, వీల్‌చైరు పట్టదనీ, అందువల్ల ఇక్కడికి వచ్చిన రోజు తాను మంచినీళ్లు తాగడం మానేస్తున్నాననీ అర్జీ. ఊళ్లో భవనాలన్నీ కొలిచిన నా టేపు ఆ తలుపు మీద ఒక్కసారి కూడా పడలేదు.

మిగతా కాగితాలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు మా దగ్గర ముందు రాస్తాం, చదివి వినిపిస్తాం, ఇది నీ మాటేనా అని అడుగుతాం, ఆ తర్వాతే సంతకం. ఒక్కో అర్జీకి నాలుగింతలు సమయం పడుతోంది. కొందరు నా రాత కొట్టేయించి వాళ్ల మాట రాయిస్తారు. నాకు కోపం వస్తుంది, కొట్టేస్తాను. కొట్టివేతలున్న అర్జీలకే జవాబులు తొందరగా వస్తున్నాయని ఈ మధ్య గమనించాను. చదివేవాడికి అవతల ఒక మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కాబోలు.

దయామణి అర్జీకి నేను స్వహస్తాలతో ఎండార్స్‌మెంట్ ఇచ్చాను, తొమ్మిది రోజుల్లో. తలుపు ముప్ఫై ఆరు అంగుళాలకు పెంచినామనీ, ఫిర్యాదు న్యాయమైనదనీ, ఇన్నాళ్లూ గమనించనందుకు సిగ్గుపడుచున్నామనీ రాసి సంతకం చేశాను. సిగ్గుపడుచున్నాము అన్న మాట ప్రభుత్వ జవాబుల్లో నాకెక్కడా కనబడలేదు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.